2,800 గ్రాఫ్టులు పెట్టించుకున్నా లైటు కింద మాడు కనిపిస్తోంది, రెండోసారి వెళ్లాలా?

తెనాలి_కిరణ్
హైదరాబాద్‌లో ఎఫ్‌యూఈ (తల వెనక నుంచి కుదుళ్లు ఒక్కొక్కటిగా తీసి బట్టతల మీద నాటే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్) చేయించుకుని పది నెలలు దాటింది. వయసు 34. నార్‌వుడ్ 4 (బట్టతల ఎంత ముదిరిందో చెప్పే కొలమానంలో నాలుగో మెట్టు) అన్నారు. మొత్తం 2,800 గ్రాఫ్టులు (కుదుళ్లతో సహా తీసి నాటే చిన్న ముక్కలు). ముందు భాగంలో 1,800, సుడి మీద 1,000 పెట్టారు.

హెయిర్‌లైన్ బాగానే వచ్చింది. బయట మామూలు వెలుతురులో ఎవరికీ తేడా తెలియదు. కానీ ఆఫీసు లిఫ్టులో పైనుంచి లైటు పడితే జుట్టు మధ్యలోంచి మాడు కనిపిస్తుంది. తలస్నానం చేసి అద్దం ముందు నిలబడితే మనసు చివుక్కుమంటుంది. ఇక సుడి దగ్గర అసలు పెట్టారా అనిపిస్తుంది.

క్లినిక్‌కి వెళ్లి అడిగితే డాక్టర్ రాలేదు. కౌన్సెలర్ వచ్చి చూసి, "డెన్సిటీ సెషన్ చేద్దాం సార్, ఇంకో 1,500 గ్రాఫ్టులు. ఈ నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు. ఇంట్లో వాళ్లేమో బాగానే ఉంది కదరా అంటున్నారు.

నాకు తెలియాల్సింది రెండు విషయాలు. ఇది మంచి రిజల్టా, ఫెయిలైనట్టా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఇంకో సెషన్‌కి వెళ్లడం సరైనదేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వరంగల్_వాసు
పది నెలలకే తీర్పు ఇవ్వకు తమ్ముడూ. ముందు భాగం ఏడాదికి, సుడి ఏడాదిన్నరకి. అప్పటిదాకా అద్దం తక్కువ చూడు.

నైట్‌షిఫ్ట్_నాని
ఫోటోలు పెట్టు బ్రో, చూడకుండా ఎవరేం చెప్పగలరు?

తెనాలి_కిరణ్
మొహం కనపడకుండా నాలుగు ఫోటోలు పెట్టాను. రెండు పొడిగా, రెండు తడిగా. సర్జరీకి ముందు క్లినిక్ వాళ్లు తీసిన ఫోటో కూడా ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని
నిజం చెప్పనా, చాలా బాగుంది. ముందు ఫోటోకీ ఇప్పటికీ పదేళ్లు చిన్నవాడైనట్టున్నావు. నాకిలాంటి రిజల్ట్ వస్తే వీధంతా మిఠాయిలు పంచుతాను.

పాత_కాపు
ఒక్క మాట. క్లినిక్ తీసిన ఫోటోనీ నీ ఫోటోనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. వాళ్లు "ముందు" ఫోటోకి జుట్టు తడిపి, ఫ్లాష్ వేసి, తల కిందికి వంచి తీస్తారు. "తరవాత" ఫోటోకి పొడిగా దువ్వి, పక్క నుంచి వచ్చే వెలుతురులో తీస్తారు. సగం డెన్సిటీ ఆ లైటే తెచ్చిపెడుతుంది.

నిజంగా తెలుసుకోవాలంటే ఇలా చెయ్యి. ఇంట్లో ఒక్క చోటు ఎంచుకో, కిటికీ ఉన్న గది అయితే మంచిది. అక్కడే, అదే టైముకి, ఫ్లాష్ లేకుండా తియ్యి. జుట్టు ప్రతిసారీ ఒకే పొడవుండాలి, ఫైబర్లు (మాడు కనపడకుండా చల్లుకునే పొడి), జెల్ ఏవీ ఉండకూడదు. నుదుటి మీదికి దువ్వి ఒకటి, వెనక్కి దువ్వి ఒకటి, సుడి పైనుంచి ఒకటి, తల వెనక డోనర్ (గ్రాఫ్టులు తీసిన చోటు) ఒకటి. ఈ నాలుగో ఫోటో అందరూ మరిచిపోతారు, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రెండు నెలలకోసారి తీస్తే చాలు. రోజూ తీస్తే ఏ మార్పూ కనిపించదు, దిగులు మాత్రం పెరుగుతుంది.

వరంగల్_వాసు
కాపు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి, లిఫ్టులో లైటు కింద బట్టతల లేనివాళ్ల మాడు కూడా కనిపిస్తుంది. రేపు నీ పక్కన నిలబడ్డవాళ్ల తల చూడు.

గోదారి_గణేశ్
నేను లెక్కల మనిషిని, లెక్క వేసే మాట్లాడతాను. కిరణ్ గారి ఫోటో చూస్తే ముందు భాగం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అక్కడ 1,800 గ్రాఫ్టులు అంటే చదరపు సెంటీమీటరుకి 36. సుడి కూడా దాదాపు అంతే వైశాల్యం, అక్కడ పెట్టింది 1,000, అంటే 20 మాత్రమే.

మన జనాల్లో పుట్టుకతో ఉండేది సెంటీమీటరుకి 70, 80 గ్రాఫ్టుల దాకా. కాబట్టి ముందు సగం, సుడి మీద పావు. సగం ఉంటే మామూలు వెలుతురులో కంటికి నిండుగానే కనిపిస్తుంది, పావు ఉంటే కనిపించదు. అంటే పెట్టినవి మొలవకపోవడం కాదు. సుడికి కేటాయించిందే తక్కువ. అన్ని గ్రాఫ్టులూ వంద శాతం మొలిచినా సుడి ఇలాగే ఉంటుంది.

తెనాలి_కిరణ్
గణేశ్ గారూ, ఇన్నాళ్లలో ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. "2,800 అంటే ఫుల్ కవరేజ్" అన్నారు అప్పుడు.

గోదారి_గణేశ్
అదే నాకు ఒళ్లు మండే విషయం. గ్రాఫ్టుల సంఖ్య చెబుతారు, ఎంత వైశాల్యానికో చెప్పరు. "సెంటీమీటరుకి ఎన్ని పెడతారు" అని అడగండి ముందు. జవాబు చెప్పలేనిచోట అడ్వాన్స్ కట్టకండి.

డాలస్_బావ
ఇక్కడ అమెరికాలో గ్రాఫ్టుకి తీసుకునే డబ్బుతో ఇండియాలో సర్జరీ, విమానం టికెట్టు, చుట్టాలకి బట్టలు అన్నీ అయిపోతాయి. నేనూ ఈ డిసెంబరులో హైదరాబాద్ వద్దామనుకుంటున్నాను. ఇస్తాంబుల్‌లో ఒకేరోజు 5,000 గ్రాఫ్టులు పెడతామంటున్నారు. అది బెటరా?

గోదారి_గణేశ్
బావగారూ, 5,000 గ్రాఫ్టులా, 5,000 వెంట్రుకలా? ముందు అది రాతపూర్వకంగా అడగండి. ఒక గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి, సగటున రెండు. 2,500 గ్రాఫ్టులు తీసి 5,000 అని చెప్పే చోట్లు ఉన్నాయి. రెండు వెంట్రుకల గ్రాఫ్టుని చీల్చి రెండుగా లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు.

సుడి_సోదరుడు
నిజంగానే 5,000 తీస్తే ఇంకా ప్రమాదం. నా కథ వినండి.

నాది రెండోసారి. మొదటిసారి 2,500 పెట్టించుకుంటే బాగానే వచ్చింది. సుడి పలచగా ఉందని ఇంకోచోటికి వెళ్లాను, ఊరూ పేరూ చెప్పను. "డోనర్ సూపర్‌గా ఉంది" అని ఒకేరోజు 3,000 పైన లాగేశారు. డాక్టర్ వచ్చి గీతలు గీసి వెళ్లిపోయాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నలుగురు టెక్నీషియన్లే మారుతూ చేశారు. ఇప్పుడు సుడి మీద కాస్త నిండింది, కానీ తల వెనక చెవి నుంచి చెవి దాకా మచ్చలు మచ్చలుగా పలచబడిపోయింది. సైడ్స్ పొట్టిగా కత్తిరించుకోలేను. గాలి వస్తే వెనక చెయ్యి పెట్టుకుంటాను. పైన కనిపించే లోపం పోయి వెనక కనిపించే లోపం వచ్చింది. దాన్ని బాగుచెయ్యడానికి మిగిలిన గ్రాఫ్టులు లేవు, గడ్డం నుంచి తీసి వెనక పెట్టాలంటున్నారు.

కిరణ్ తమ్ముడూ, డిస్కౌంట్ మాట వినగానే లేచి వచ్చెయ్యి.

విజ్జీ_బెజవాడ
చదువుతుంటేనే బాధగా ఉంది అన్నయ్యా. ఆ చోటు మీద ఫిర్యాదు చేశారా?

సుడి_సోదరుడు
కాగితాల్లో సంతకం పెట్టించుకున్నారమ్మా, "రిజల్టుకి హామీ లేదు" అని. ఎన్ని గ్రాఫ్టులు తీశారో రికార్డు ఇమ్మన్నా ఇవ్వలేదు. ఇప్పుడు లాయర్‌తో మాట్లాడుతున్నాను.

స్కిన్_డాక్టర్_కర్నూలు
డెర్మటాలజిస్టుని. ఎవరి క్లినిక్ గురించీ మాట్లాడను, విషయం వరకే చెబుతాను.

ట్రాన్స్‌ప్లాంట్ కొత్త వెంట్రుకల్ని సృష్టించదు. తల వెనక, చెవుల పైన ఉండే పట్టీలోని వెంట్రుకలు మగవాళ్ల హార్మోను ప్రభావానికి అంత తేలిగ్గా లొంగవు. వాటిని తీసి ముందుకి మారుస్తాం. ఆ పట్టీలోంచి జీవితం మొత్తంలో పలచన కనపడకుండా తీయగలిగేది చాలామందిలో సుమారు 5,000 నుంచి 6,000 గ్రాఫ్టులు. కొందరికి ఎక్కువ ఉంటుంది, కొందరికి చాలా తక్కువ. కిరణ్ గారు 2,800 ఇప్పటికే వాడేశారు. వయసు 34. బట్టతల ఇంకా ముందుకు పోయే వయసే. నార్‌వుడ్ 6 దాకా వెళ్తే ఖాళీ అయ్యే వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. మిగిలిన గ్రాఫ్టులన్నీ ఈరోజు డెన్సిటీకి పోస్తే, 45 ఏళ్లప్పుడు ముందు నాటిన జుట్టుకీ సుడికీ మధ్య కొత్తగా ఖాళీ పడుతుంది. అప్పుడు పెట్టడానికి ఏమీ మిగలదు.

కాబట్టి డెన్సిటీ పెంచాలా అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. మీ సొంత జుట్టు రాలడం ఆగిందా? మందులేమైనా వాడుతున్నారా?

తెనాలి_కిరణ్
మినాక్సిడిల్ (జుట్టు కోసం తలకి రాసే మందు) మొదట్లో రాశాను మేడమ్. తల జిడ్డుగా ఉంటోందని మానేశాను. ఫినాస్టెరైడ్ (జుట్టు రాలడం తగ్గించే మాత్ర) భయంతో మొదలుపెట్టలేదు. ఇంటర్నెట్‌లో చదివినవి భయంకరంగా ఉన్నాయి.

గోదారి_గణేశ్
సమాధానం అక్కడే దొరికింది.

నైట్‌షిఫ్ట్_నాని
ఫినాస్టెరైడ్ నాకు పడలేదు. మూడ్ పడిపోయింది, ఇంకొన్ని ఇబ్బందులు కూడా వచ్చాయి. మానేశాక సర్దుకుంది. అందరికీ వేసుకోమని చెప్పడం కరెక్ట్ కాదు.

వరంగల్_వాసు
నేను ఏళ్లుగా వేసుకుంటున్నాను, ఏమీ లేదు. ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు.

నైట్‌షిఫ్ట్_నాని
నీకు కాలేదని నాకు కాకుండా పోదు కదా అన్నా.

స్కిన్_డాక్టర్_కర్నూలు
నాని గారి మాట కొట్టిపారేసేది కాదు, వాసు గారి మాటా అబద్ధం కాదు. 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్‌కి 1997లో అమెరికాలో జుట్టు రాలడానికి మందుగా అనుమతి వచ్చింది. పరీక్షల్లో లైంగిక ఇబ్బందులు కొద్ది శాతం మందిలోనే కనిపించాయి. చాలామందిలో మానేశాక తగ్గాయి. కొందరు మానేశాక కూడా ఇబ్బంది ఉందని చెబుతారు, దిగులు, డిప్రెషన్ గురించిన హెచ్చరికా ఉంది. ఇంతకుముందు డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆ విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

ఇంకో మూడు విషయాలు. పగిలిన, పొడి అయిన మాత్రల్ని గర్భిణులు ముట్టుకోకూడదు. వేసుకుంటున్నన్నాళ్లూ, మానేశాక ఒక నెల దాకా రక్తదానం చెయ్యకూడదు. వయసు మీదపడ్డాక ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయిస్తే ఈ మాత్ర వల్ల అంకె సగానికి తగ్గి కనిపిస్తుంది, ఆ డాక్టర్‌కి ఈ మందు సంగతి చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగే మాత్ర కాదిది.

ఫలితం తెలియడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. నాటిన జుట్టుకి మాత్ర అక్కర్లేదు, దాని మధ్యలో ఇంకా మిగిలి ఉన్న మీ సొంత జుట్టుకి కావాలి. కిరణ్ గారి సుడిలో 1,000 గ్రాఫ్టులతో పాటు సన్నబడుతున్న సొంత వెంట్రుకలు చాలా ఉన్నట్టు ఫోటోలో కనిపిస్తోంది. అవి కాస్త లావెక్కితే సర్జరీ లేకుండానే తేడా తెలుస్తుంది.

పాత_కాపు
మేడమ్ చెప్పిన ఈ లావు విషయం చాలామంది పట్టించుకోరు. వెంట్రుక ఎంత మందంగా ఉంటే అంత మాడు కప్పుతుంది. అదే 40 గ్రాఫ్టులు పెట్టినా లావు జుట్టువాడికి నిండుగా, పట్టుజుట్టువాడికి పలచగా కనిపిస్తాయి. వంకీల జుట్టుకి ఇంకా కలిసొస్తుంది. పక్కవాడి ఫోటో చూసి అదే సంఖ్య అడిగితే అదే రిజల్ట్ రాదు.

కోనసీమ_కుర్రాడు
నారుమడిలో నారు తీస్తే మళ్లీ విత్తనం చల్లుకుంటాం. తల వెనక అది కుదరదు. నాకు ఈ చర్చలో అర్థమైంది ఇదే.

అనంతపురం_అక్క
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు పాపిడి వెడల్పైపోతోంది. ఆడవాళ్లకి కూడా డెన్సిటీ కోసం చేస్తారంట కదా?

స్కిన్_డాక్టర్_కర్నూలు
చేస్తారు, కానీ మొదట అది కాదమ్మా. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ చూపించుకోండి. నెలసరి సరిగ్గా రాకపోతే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోను సమస్య) ఉందేమో చూడాలి. ఆడవాళ్లలో చాలాసార్లు తల వెనక కూడా పలచబడి ఉంటుంది. అలాంటప్పుడు అక్కడి నుంచి తీసి ఇక్కడ పెట్టడంలో అర్థం లేదు. మగవాళ్లలో కూడా కొందరికి ఇలాగే తలంతా సమానంగా పలచబడుతుంది, వాళ్లకీ సర్జరీ పనికిరాదు.

మేడ్చల్_మధు
అసలు ఇదంతా హైదరాబాద్ బోరు నీళ్ల వల్ల. ఊళ్లో ఉన్నప్పుడు నాకు ఇంత జుట్టు ఉండేది.

వరంగల్_వాసు
ఊళ్లో ఉన్నప్పుడు నీకు ఇరవై ఏళ్లు కూడా.

మేడ్చల్_మధు
అన్నా, షవర్‌కి ఫిల్టర్ పెట్టినా ఆగలేదు మరి.

స్కిన్_డాక్టర్_కర్నూలు
ఉప్పు నీళ్లకి జుట్టు బరకగా అవుతుంది, విరుగుతుంది. కుదుళ్లు చిన్నబడి వచ్చే బట్టతల మాత్రం నీళ్ల వల్ల రాదు, హెల్మెట్ వల్ల కూడా రాదు. దయచేసి హెల్మెట్ తీసెయ్యకండి.

సెలూన్_సత్తి
నేను కటింగ్ చేసేవాణ్ణి. కిరణ్ అన్నా, సర్జరీ సంగతి పెద్దవాళ్లు చెప్పారు, నేను కత్తెర సంగతి చెబుతా. నీ ఫోటోలో సైడ్స్ ఒత్తుగా పెంచావు, పైన పొడవుగా వదిలావు. పక్కన అంత ఒత్తుగా ఉంటే పైన ఇంకా పలచగా కనిపిస్తుంది. సైడ్స్ తగ్గించు, మరీ మిషన్ ఒకటో నంబర్‌కి కాదు, వెనక గ్రాఫ్టులు తీసిన చుక్కలు బయటపడతాయి. మూడో నాలుగో చాలు. పైన పొడవు కాస్త తగ్గించి, పాపిడి గీత గీసినట్టు తియ్యకుండా అడ్డంగా ముందుకి దువ్వు. తడి జెల్ మానెయ్, పొడిగా ఉండే క్లే వాడు. జెల్ పెడితే వెంట్రుకలన్నీ అతుక్కుని మధ్యలో మాడు కనిపిస్తుంది. నా కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఇలా పెట్టించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, కటింగ్ మారితే సగం దిగులు పోతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
సత్తి అన్నా, ఎక్కడ నీ షాపు? ఆదివారం వస్తా.

సెలూన్_సత్తి
మంగళవారం తప్ప ఎప్పుడైనా. ఆదివారం క్యూ ఉంటుంది.

నిజామాబాద్_నరేశ్
సుడి కోసం కెరటిన్ ఫైబర్లు చల్లుకుంటే సరిపోతుంది కదా. నేను పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ అదే వాడతా. వాన పడితే మాత్రం జాగ్రత్త.

సుడి_సోదరుడు
టాటూలాగా చుక్కలు పెట్టే ఎస్‌ఎంపీ కూడా ఉంది. నా డోనర్‌కి అదే ఆలోచిస్తున్నాను. చేసేవాడి చెయ్యి మంచిదైతే మాడు రంగుకీ జుట్టు రంగుకీ తేడా తగ్గుతుంది, ఒత్తుగా అనిపిస్తుంది. చుక్కలు పెద్దవైతే మాత్రం అసహ్యంగా ఉంటుంది.

రాజమండ్రి_రవి
నేను వేరేలా ఆలోచిస్తాను, అందరూ ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. నాకు 46. ఐదేళ్లుగా మందుల మీద జుట్టు నిలకడగా ఉంది. మొదటిసారి ముందు భాగంలో సెంటీమీటరుకి 30 మాత్రమే పెట్టారు. రెండోసారి ముందు మధ్యలో ఉన్న కుచ్చు దగ్గర మాత్రమే 900 గ్రాఫ్టులు చేయించుకున్నాను. ఆ 900 నా మొహమే మార్చేశాయి. ఎదురుగా నిలబడ్డవాడు చూసేది ఆ కుచ్చునే, సుడిని కాదు. డోనర్‌లో ఇంకా బాగానే మిగిలిందని నా డాక్టర్ కొలిచి చూపించారు. రెండో సెషన్ అంటేనే భయపెట్టడం సరికాదు. ఎక్కడ, ఎన్ని, ఏ వయసులో అన్నదే ప్రశ్న.

గోదారి_గణేశ్
రవి గారూ, మీరు చెప్పినదాంట్లో నాకు అభ్యంతరం లేదు. 46 ఏళ్లు, నిలకడగా ఉన్న జుట్టు, చిన్న చోటు, కొలిచిన డోనర్. కిరణ్ గారి దగ్గర ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు.

రాజమండ్రి_రవి
అది ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా చెప్పాలి. ఉన్న జుట్టు మధ్యలో పెడితే పక్కనున్నవి షాక్‌కి రాలొచ్చు. నాకు మూడు నెలలు ముందుకంటే పలచగా కనిపించింది, ఎవరికీ చెప్పుకోలేక సతమతమయ్యాను. చాలావరకు తిరిగొచ్చాయి. అప్పటికే బాగా సన్నబడిన వెంట్రుకలు అయితే తిరిగి రాకపోవచ్చు. సుడిలో ఆ ప్రమాదం ఎక్కువ.

స్కిన్_డాక్టర్_కర్నూలు
సుడి గురించి రవి గారు చెప్పింది సరైనది. సుడిలో వెంట్రుకలు అన్ని వైపులకీ తిరిగి ఉంటాయి. ముందు భాగంలో ఒకదాని మీద ఒకటి పడి మాడుని కప్పుతాయి, సుడిలో ఆ కప్పు దొరకదు. అందుకే అదే సంఖ్యకి అక్కడ తక్కువ ఫలితం కనిపిస్తుంది. పైగా సుడి చుట్టూ ఉన్న జుట్టు రాలుతూ పోతే, నాటినది మధ్యలో దీవిలా మిగిలిపోతుంది. చిన్న వయసులో సుడిని మందులకి వదిలెయ్యమని అందుకే చెబుతాం.

పాత_కాపు
కాస్త పాత విషయం, ఆసక్తి ఉన్నవాళ్లకి. జపాన్‌లో ఒకుడా 1939లోనే వెంట్రుకల కుదుళ్లు మార్చడం గురించి రాశాడు. న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ 1952లో బట్టతల మీద మొదటి సర్జరీ చేశాడు, 1959లో వివరంగా ప్రచురించాడు. తల వెనక వెంట్రుక ఎక్కడ పెట్టినా వెనకటి గుణమే నిలుపుకుంటుందని ఆయన చూపించాడు. అప్పట్లో పెద్ద పెద్ద ముక్కలు తీసి పెట్టేవాళ్లు, గుత్తులు గుత్తులుగా మొలిచేవి. ఇప్పుడు హెయిర్‌లైన్‌లో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులు, వెనక రెండు మూడు వెంట్రుకలవి పెడతారు. మీ ఫోటోల్లో చూసుకోండి కిరణ్ గారూ, ముందు వరసలో గుత్తులు లేవు, దిశ కూడా సరిగ్గా ముందుకే ఉంది. చేసిన చెయ్యి మంచిదే. ఆ మాట కూడా చెప్పాలి కదా.

భీమవరం_బుజ్జి
మా అమ్మ తిరుపతి మొక్కుంది, గుండు చేయించాలంటోంది. పెట్టించుకున్నాక గుండు చేయించుకోవచ్చా? చేయిస్తే ఇంకా ఒత్తుగా వస్తుందని కూడా అంటున్నారు.

సెలూన్_సత్తి
గుండు చేస్తే ఒత్తుగా వస్తుందన్నది అపోహ తమ్ముడూ. కొత్తగా వచ్చే వెంట్రుక చివర మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుకుగా అనిపిస్తుంది, అంతే. కుదుళ్ల సంఖ్య మారదు.

స్కిన్_డాక్టర్_కర్నూలు
సర్జరీ గాయం పూర్తిగా మానాక కత్తి పైపైన వెంట్రుకనే తీస్తుంది, కుదురు లోపల ఉంటుంది. ఏడాది దాటాక స్వామి మొక్కు తీర్చుకోవచ్చు, మీ సర్జన్‌ని ఒక మాట అడగండి. గుండు మీద డోనర్‌లో తీసిన చుక్కలు కనిపిస్తాయి. ఎఫ్‌యూటీ (తల వెనక చర్మాన్ని పట్టీగా కోసి గ్రాఫ్టులు తీసే పద్ధతి) చేయించుకున్నవాళ్లకైతే వెనక అడ్డంగా గీత కనిపిస్తుంది. మనసుకి సిద్ధంగా ఉండండి.

భీమవరం_బుజ్జి
అమ్మకి చెబుతాను, వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే స్వామి ఏమీ అనుకోడులే అంటే ఒప్పుకుంటుంది.

డాలస్_బావ
మేడమ్, డాక్టర్ చేస్తున్నాడా టెక్నీషియన్ చేస్తున్నాడా అన్నది మనకెలా తెలుస్తుంది?

స్కిన్_డాక్టర్_కర్నూలు
2022లో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. అర్హత ఉన్న, శిక్షణ పొందిన డాక్టర్లే ఈ సర్జరీ చెయ్యాలి, వీడియోలు చూసి, వర్క్‌షాపులకి వెళ్లి నేర్చుకుని చెయ్యడం కుదరదు. మొదటి రోజే అడగండి: నా తలలో రంధ్రాలు పెట్టేది ఎవరు, గ్రాఫ్టులు తీసేది ఎవరు, మత్తుమందు ఇచ్చేది ఎవరు. చేసేవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ రాసివ్వమనండి. తలంతా మొద్దుబారేలా మత్తు ఎక్కువ మోతాదులో వాడే సర్జరీ ఇది, చిన్న పనిగా చూడకండి.

విజ్జీ_బెజవాడ
ఒక భార్యగా చెబుతున్నాను. మా ఆయన కూడా చేయించుకున్నారు. పెట్టించుకున్న కొత్తలో జుట్టంతా రాలిపోతే ఏడ్చినంత పని చేశారు, అది మామూలే అని ఎవరూ ముందు చెప్పలేదు. తరవాత బాగా వచ్చింది. ఇప్పుడు ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఫోటోల్లో తన తలే వెతుక్కుంటారు. మా వాళ్లెవరూ ఆయన తల చూడట్లేదు, ఆయన మొహం చూస్తున్నారు, ఎందుకిలా దిగులుగా ఉన్నాడని అడుగుతున్నారు. కిరణ్ గారూ, మీ ఇంట్లో వాళ్లు బాగుంది అన్నది ఊరికే అనలేదేమో.

తెనాలి_కిరణ్
విజ్జీ గారూ, ఈ మాట చదివి చాలాసేపు ఆలోచించాను.

అందరికీ థాంక్స్. క్లినిక్‌తో సంబంధం లేని వేరే డెర్మటాలజిస్ట్ దగ్గరికి వెళ్లి ట్రైకోస్కోపీ (మాడునీ జుట్టునీ పెద్దవి చేసి చూసే పరీక్ష) చేయించుకున్నాను. ముందు భాగంలో నాలుగు చోట్ల లెక్కపెట్టారు, సగటున సెంటీమీటరుకి 34 గ్రాఫ్టులు వచ్చాయి. గణేశ్ గారి లెక్క 36. అంటే పెట్టినవి చాలావరకు మొలిచినట్టే. సుడిలో సన్నబడిన సొంత వెంట్రుకలు చాలా ఉన్నాయి, వాటినే కాపాడుకోవాలన్నారు. డోనర్ బాగుంది కానీ రెండు చెవుల పైనా కాస్త సన్నబడటం మొదలైందట. అందుకని 1,500 తీయడానికి ఇప్పుడు వద్దనే అన్నారు.

ఫినాస్టెరైడ్ రోజు విడిచి రోజు మొదలుపెడుతున్నాం. తేడా అనిపిస్తే వెంటనే ఆపి ఫోన్ చెయ్యమన్నారు. మినాక్సిడిల్ ద్రావణం బదులు ఫోమ్ ఇచ్చారు, జిడ్డు ఉండదట. ఏడాదిన్నర పూర్తయ్యాక మళ్లీ కొలిచి, అవసరమైతే ముందు కుచ్చు వరకే చిన్న సెషన్ ఆలోచిద్దామన్నారు. క్లినిక్‌కి అడ్వాన్స్ కట్టట్లేదని చెప్పేశాను.

వరంగల్_వాసు
ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్ మొదట్లో కాస్త రాలుస్తాయి, అప్పుడు భయపడి మానెయ్యకు.

రాజమండ్రి_రవి
చిన్న సెషన్ అప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, ఏం అడగాలో నేను రాసుకున్న ప్రశ్నలు పంపుతాను.

డాలస్_బావ
నేను డిసెంబరు టికెట్టు ఉంచుకుంటున్నాను, సర్జరీ బుకింగ్ ఆపాను. ముందు అక్కడికి వచ్చి డోనర్ కొలిపించుకుంటాను. కిరణ్, ఆ ట్రైకోస్కోపీకి ఎంత తీసుకున్నారు?

తెనాలి_కిరణ్
కన్సల్టేషన్‌తో కలిపి వెయ్యి లోపే బావగారూ. సర్జరీకి వైద్యం కింద జీఎస్టీ మినహాయింపు లేదు, ఇన్సూరెన్స్ రాదు, కొటేషన్ తీసుకునేటప్పుడు పన్నుతో కలిపి అడగండి. రిపోర్టు ప్రింట్ తీసుకోవడం మర్చిపోవద్దు, ఏ క్లినిక్‌కి వెళ్లినా ముందు అది బల్ల మీద పెట్టి మాట్లాడొచ్చు.